ఫిర్యాదుల కిటికీలో మా పిన్ని

మా పిన్ని ముప్పై ఒక్క ఏళ్లుగా నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చుంటోంది. కిటికీకి అద్దం, అద్దం కింద అరచెయ్యి దూరేంత సందు. అటువైపు కుళాయిలో చుక్క రానివాళ్లు, బురద నీళ్లు వచ్చేవాళ్లు, వీధిలో గొట్టం పగిలి ఇల్లు మునిగినవాళ్లు. ఇటువైపు ఒక చెక్క కుర్చీ, ఒక రిజిస్టరు, రెండు ముద్రలు, మా పిన్ని. ఇంజనీర్లు లోపలి గదుల్లో ఉంటారు. వాళ్ల మొహం ఎవరికీ కనపడదు. కనపడేది ఈమె మొహమే కాబట్టి తిట్లన్నీ ఆ సందులోంచే లోపలికొచ్చేవి. వచ్చినవాటిని ఈమె ఇంకాస్త పదును పెట్టి తిప్పి పంపేది.

"వీధి పేరు రాయలేదేం? నీళ్లు మీ ఇంటికి దారి అడుక్కుంటూ రావాలా?" అనేది.

"నెల నుంచి చెప్తున్నారా? ఎవరికి చెప్తున్నారు, గోడకా? నా రిజిస్టర్లో లేదే" అనేది.

ఆఫీసులో వెనకాల ఆమెను గాజుపెంకు అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఒకసారి నాతోనే చెప్పింది, "పేరు బానే పెట్టారు, ఎవడూ చెయ్యి పెట్టడు" అని. కానీ ఆమె రిజిస్టర్లో ఎక్కని ఫిర్యాదు లేదు. ఎంత తిట్టుకున్నా చివరికి కాగితం తీసుకుని, నంబరు వేసి, ముద్ర కొట్టి, రసీదు ముక్క సందులోంచి తోసేది. ఇది మంచితనం అని నేను అనను. పని అంటే అంతే అని ఆమె లెక్క.

నేను ఆమె అక్క కూతుర్ని. మా అమ్మ పోయిన మూడు నెలలకి ఈ ఊళ్లో నాకు బొమ్మల సినిమాలు తీసే స్టూడియోలో ఉద్యోగం వచ్చింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఊళ్లో తెలిసిన మనిషి పిన్ని ఒక్కతే, ఆమె మా అమ్మతో పదకొండేళ్లుగా మాట్లాడలేదు. అమ్మ నలభై రోజులు ఆసుపత్రిలో ఉంటే చూడ్డానికి రాలేదు, పోయాక కూడా రాలేదు. అయినా ధైర్యం చేసి ఫోన్ చేశాను.

"గది ఖాళీగానే ఉంది, రా. మీ అమ్మ ఫోటో మాత్రం తేకు" అంది.

మూడో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు, బట్టలు ఆరేసుకునేంత వరండా. ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నాను. పిన్ని నాకు వండి పెట్టేది, వడ్డించేది కాదు. జ్వరమొస్తే మందు బల్ల మీద పెట్టి "మింగు" అని వెళ్లిపోయేది. తలుపు గట్టిగా వేసినా, కుళాయి సరిగ్గా కట్టకపోయినా మాటలు పడేవి. ఆమెకి పెళ్లి లేదు, స్నేహితులు లేరు, వాటి గురించి బెంగ పడ్డట్టు నేనెప్పుడూ చూడలేదు. నాకూ ఆమె మీద ప్రేమ పొంగిపొర్లిందని చెప్పను. ఇంటికొచ్చేసరికి వరండాలో ఆమె చీర ఆరేసి ఉంటే, ఇవాళ ఏ తప్పు పట్టుకుంటుందో అనుకుంటూ మెట్లెక్కేదాన్ని.

స్టూడియోలో నా పని కథని బొమ్మల్లో పెట్టడం. అరచేతంత గళ్లలో ఒక్కో దృశ్యాన్ని గీసి, వరసగా గోడకి గుచ్చుతాం. గోడ చూస్తే సినిమా మొత్తం తెలిసిపోవాలి. తెలియకపోతే పీకేసి మళ్లీ గీస్తాం. అప్పటిదాకా మేం ఇతరుల ప్రకటనలకే గీస్తూ వచ్చాం. ఆ ఏడాది యజమానురాలు, మన పేరు మీద ఏడు నిమిషాల సినిమా ఒకటి తీసి పోటీలకి పంపుదాం, తలా ఒక ఆలోచన తీసుకురండి అంది.

మా కథల విభాగానికి పెద్ద ఒకాయన ఉండేవాడు. ఏది చూపించినా "ఎందుకు?" అనేవాడు. పిల్లి గోడ దూకింది అంటే ఎందుకు దూకింది, గోడ ఎందుకుంది, పిల్లే ఎందుకు. మేం ఆయన్ని ఎందుకు సార్ అనేవాళ్లం. ఆయన ముందు పెట్టడానికి నా దగ్గర ఏమీ లేకపోతే, మీటింగు మొదలయ్యే ముందు పావుగంటలో పిన్నిని గీశాను. కిటికీ అద్దం, ముడిలో గుచ్చిన పెన్ను, మెళ్లో దారానికి వేలాడే కళ్లజోడు, గడ్డం మీద పుట్టుమచ్చ, నిమ్మకాయ పిండినట్టు బిగించిన పెదాలు. పక్కన ఆమె మాటలు రెండు రాశాను. గదిలో ఉన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. నీళ్లు అడుక్కుంటూ రావాలా అన్న మాట దగ్గర యజమానురాలికి టీ పొలమారింది. వేరే కాగితాలు ఎవరూ తిరగెయ్యలేదు.

"దర్శకత్వం నేను చేస్తా. కథ, పాత్ర నువ్వు చూడు" అన్నాడు ఎందుకు సార్. నా ఎనిమిదేళ్ల ఉద్యోగంలో మొదటిసారి ఒక పాత్ర నాది అన్నారు. ఇంట్లో చెప్పలేదు. చెప్పాలని కూడా అనిపించలేదు.

ఆ తర్వాత మూడు వారాలు ఎందుకు సార్ నన్ను నమిలాడు.

"ఈవిడకెందుకింత కోపం?"

"ఆవిడంతే సార్."

"అంతే అని ఎవరూ ఉండరు. లోపల ఏదో దెబ్బ ఉంటుంది. అది దొరికేదాకా ఇది వట్టి కార్టూను. తవ్వు."

ఏవేవో గీసుకెళ్లాను. కిటికీ దగ్గరికి పావురం వస్తుంది, తిరస్కరించాడు. చిన్నప్పుడు నీళ్లు లేక బాధపడింది, తిరస్కరించాడు. గోడ మీద నా బొమ్మలు పొద్దున ఎక్కి సాయంత్రం దిగిపోయేవి. ఇది నీ వల్ల కాదేమో, ఇంకొకరికి ఇస్తాను అన్నాడు ఒకరోజు, కాఫీ తాగుతూ, చాలా మామూలుగా. 

"ఆవిడ అక్క చనిపోయింది సార్. నలభై రోజులు ఆసుపత్రిలో ఉంటే చూడ్డానికి వెళ్లలేదు. పదకొండేళ్లు మాట్లాడలేదు" అన్నాను.

ఆ అక్క మా అమ్మ అని చెప్పలేదు.

ఎందుకు సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదీ" అన్నాడు.

సాయంత్రానికి కథ తయారైంది. ఆమె బల్ల సొరుగులో ఒక ఉత్తరాల కట్ట ఉంటుంది. అక్క క్షమించమని రాసినవి, ఒక్కటీ విప్పలేదు. చివరిరోజు ఒకటి విప్పుతుంది. కన్నీటి బొట్టు కాగితం మీద పడుతుంది, సిరా కరిగి పాయగా మారుతుంది, ఆ పాయ కిటికీ సందులోంచి బయటికి పారి వీధులన్నీ తిరుగుతుంది, ఊళ్లో ఎండిన కుళాయిలన్నీ ఒక్కసారి మోగుతాయి. ఆయన చెప్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఆ మాట దాచను. రెండు వారాలు మెడ ఎత్తకుండా గీశాను, బాగా గీశాను.

ఒక శనివారం మధ్యాహ్నం ఆ బొమ్మల్ని ఇంట్లో భోజనాల బల్ల మీద వరసగా పరిచి తల స్నానానికి వెళ్లాను. పిన్ని ఆ రోజు బజారుకెళ్లింది, ఆలస్యమవుతుందనుకున్నాను. తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి చేతిసంచి భుజానికుండగానే బల్ల దగ్గర నిలబడి ఉంది. మొదటి గడి నుంచి వరసగా చూస్తోంది. రిజిస్టరు చదివినట్టు వేలు పెట్టి చదువుతోంది. ఆఖరిదాకా చదివింది.

"ఇది నేనేనా?"

"కథ పిన్నీ. పేరేం పెట్టలేదు."

"మచ్చ ఎవరిది?"

నేను ఆ కాగితం తిరగెయ్యబోయాను, వేలితో ఆపింది.

"ఉత్తరాలెక్కడివి?"

"అవి... కథ కోసం."

"మీ అమ్మ నాకు ఒక్క ఉత్తరం రాసిందా? పదకొండేళ్లలో ఒక్క ముక్క? క్షమించమని? చెప్పు, నువ్వు ఆ ఇంట్లోనే ఉన్నావుగా."

"లేదు."

ఆమె సంచి దించి కుర్చీలో పెట్టింది. గొంతు పెంచలేదు. కిటికీ దగ్గర అరిచే మనిషి ఇంట్లో గొంతు తగ్గిస్తే నాకు భయం వేసేది.

"అమ్మమ్మ మంచాన పడి ఆరేళ్లు నా దగ్గరుంది. ఈ గదిలోనే. ఆఫీసుకెళ్లే ముందు ఒకసారి, మధ్యాహ్నం పరిగెత్తుకొచ్చి ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒళ్లు తుడిచి పక్కకి తిప్పేదాన్ని. మీ అమ్మ ఏడాదికి రెండుసార్లు వచ్చేది, చుట్టంలాగా. వెళ్లి అందరికీ ఏం చెప్పింది? అమ్మకి తిండి పెట్టట్లేదు, మందు వెయ్యట్లేదు, కడుపు మాడ్చి చంపుతోంది అని. అమ్మమ్మ పోయిన రోజు నా తమ్ముడు, మీ మామయ్య, నలుగురిలో నన్ను పట్టుకుని అమ్మని నువ్వే చంపావ్ అన్నాడు. మీ అమ్మ పక్కనే ఉంది. కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేల చూస్తూ నిలబడింది."

"తెలుసు" అన్నాను.

నిజంగానే తెలుసు. తొమ్మిదేళ్లప్పుడు సెలవులకొచ్చి పిన్ని అమ్మమ్మని తిప్పడం చూశాను. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి నడుం కింద, పళ్లు బిగబట్టి. ఆ తర్వాత మా అమ్మ ఫోన్లో చెప్పే మాటలూ విన్నాను. రెండూ ఒకదానికొకటి పొసగవని ఆ వయసులోనే తెలిసింది. అమ్మని ఎప్పుడూ అడగలేదు.

"తెలిసే గీశావా?" అంది పిన్ని. "మీ అమ్మ ఒక అబద్ధం చెప్పింది. నువ్వు దానికి బొమ్మలు వేశావు. ఇందులో మీ అమ్మ ఏడుస్తూ ఉత్తరాలు రాసే మంచిది, నేను విప్పకుండా దాచుకున్న రాయిని. మళ్లీ చివర్లో పశ్చాత్తాపం ఒకటి."

"నీ మీద జాలి కలగాలని..."

"ఎవరడిగారే జాలి? నాకు బాధ లేదు, కోపం ఉంది. చచ్చిపోయిందని కోపం పోవాలా? చస్తే అబద్ధం నిజమైపోతుందా? కోపాన్ని కోపంలాగా గీయడం చేతకాక దాని కింద నీళ్లు పోశారు. పైగా నా ఏడుపుతో ఊరి కుళాయిలు పారతాయట. మరి లోపల ఆ ఇంజనీర్లెందుకు?"

ఆ చివరి మాటకి ఇంకోరోజైతే నవ్వేదాన్ని.

"తీసెయ్యమని చెప్పు."

"నా చేతిలో లేదు పిన్నీ."

"ఆ మాట నేను రోజుకి నలభై సార్లు చెప్తాను. ఎప్పుడది నిజమో, ఎప్పుడు కాదో నాకు బాగా తెలుసు."

మంగళవారం ఆమె సెలవు పెట్టి స్టూడియోకి వచ్చింది. నాకు చెప్పలేదు. గుమ్మం దగ్గర పేరు రాయమంటే రాసి, వచ్చిన పని అన్న చోట "ఫిర్యాదు" అని రాసింది. కథల గదిలోకి ఆమె అడుగు పెట్టేసరికి గోడ నిండా ఆమే ఉంది. అరుస్తూ, ముద్ర కొడుతూ, ఏడుస్తూ. ఆ గదిలో అప్పుడు ఎందుకు సార్, నేను, వెనక దృశ్యాలకి రంగులు వేసే మాస్టారు ఉన్నాం. మాస్టారు యాభై దాటిన మనిషి, రోజుకి పది మాటలకి మించి మాట్లాడడు. బొమ్మని చూసి, మనిషిని చూసి, బ్రష్షు కింద పెట్టాడు.

పిన్ని గోడ మొత్తం ఒకసారి నడిచింది.

"సందు ఎత్తుగా గీశారు. రోజంతా అలా మెడ సాచితే మనిషి బతకదు. రిజిస్టరు కుడివైపు ఉండాలి. ముద్ర కొట్టాక సిరా డబ్బా మూత పెడతారు, లేకపోతే ఎండిపోతుంది" అంది. మాస్టారు ఒక కాగితం మీద రాసుకున్నాడు. అప్పుడు ఆమె ఎందుకు సార్ వైపు తిరిగింది. "ఇది మీ కథా?"

"మా అందరిదీ అండి" అన్నాడాయన, కుర్చీ చూపిస్తూ. ఆమె కూర్చోలేదు.

"ఉత్తరాలు తియ్యాలి. ఏడుపు తియ్యాలి."

"మీ బాధ అర్థమవుతోందండి. కావాలంటే పుట్టుమచ్చ తీసేస్తాం, కళ్లజోడు మారుస్తాం. ఇక మీరని ఎవరూ గుర్తు పట్టరు."

"మచ్చ ఉంచుకోండి, అది నాదే. ఏడుపు నాది కాదు. అది తియ్యండి."

"చూడండమ్మా, ఏ మనిషీ ఊరికే కోపంగా ఉండడు. లోపలున్న దుఃఖమే..."

"ముప్పై ఏళ్లలో నాకు ఇలా చెప్పినవాళ్లు చాలామంది. వాళ్ల ఇంట్లో నీళ్లు రానప్పుడు వాళ్లలో దుఃఖం కనపడలేదు నాకు, కోపమే కనపడింది."

ఎందుకు సార్ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి నచ్చలేదు. తర్వాత నన్ను చూసింది. "నువ్వు చెప్పు. ఆ ఉత్తరాలు ఉన్నాయా?"

గదిలో ముగ్గురూ నా వైపు చూశారు. ఒక్క మాట. లేవు, అవి అబద్ధం, ఆ అక్క మా అమ్మ. చెప్పొచ్చు. చెప్తే సినిమా పోతుంది, పాత్ర పోతుంది. నేను గోడ వైపు చూశాను.

పిన్ని వెళ్లిపోయింది. మా అమ్మ అప్పుడు నేల చూసింది, నేను గోడ చూశాను. తేడా అంతే.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి నా బట్టలు మడత పెట్టి మంచం మీద పెట్టి ఉన్నాయి, నేనెప్పుడూ మడత పెట్టనంత బాగా. "ఆదివారం దాకా టైముంది, చూసుకో" అంది. ఇద్దరు అమ్మాయిలు ఉంటున్న ఒక గదిలో మూడో మంచం దొరికింది. శుక్రవారమే వెళ్లిపోయాను. మెట్లు దిగుతుంటే కోపంతో నా చెవులు మండాయి. ఎనిమిదేళ్లు ఇంట్లో ఉన్నదాన్ని నాలుగు బొమ్మలకి గెంటేసింది అని ఆ అమ్మాయిలిద్దరికీ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. వాళ్లు ఒకరోజు విసుక్కుని, అసలు ఏ బొమ్మలు, ఒకసారి చూపించు అన్నారు. చూపించలేకపోయాను.

ఈలోపు స్టూడియోకి కాగితం వచ్చింది. నిండు పేజీ, చేతిరాత, పైన తేదీ, కింద సంతకం. "విషయం: నా రూపంతో తయారవుతున్న చిత్రంలో జరగని సంఘటనల గురించి." ఒకటి, రెండు, మూడు అని అంశాలు. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరింది. ఎందుకు సార్ చదివి నవ్వి సొరుగులో పడేశాడు. పదహారో రోజు పొద్దున్నే రెండోది వచ్చింది, మొదటి దాని నకలు జతచేసి. దానికీ జవాబు లేకపోతే మూడోది నేరుగా యజమానురాలికి వెళ్లింది. ఆ తర్వాత పిన్ని తన భోజన విరామంలో వచ్చి గుమ్మం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. అరవదు, ఎవర్నీ తిట్టదు. డబ్బా విప్పి తిని, మూత పెట్టి, "జవాబు తయారైందా అండి" అని అడిగి, లేదంటే ఆ రోజు తేదీ చిన్న పుస్తకంలో రాసుకుని వెళ్తుంది. ముప్పై ఏళ్లుగా జనం తనని ఏం చేస్తే తన ఆఫీసు కదిలిందో ఆమె గమనిస్తూనే ఉంది. ఏ రకం ఫిర్యాదుదారుకి ఇంజనీర్లు భయపడతారో ఆమెకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

తొమ్మిదో రోజు యజమానురాలు మమ్మల్ని పిలిచింది.

"ఎవరీవిడ? రోజూ మన క్లయింట్లు ఈవిడ పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నారు. మొన్న ఒకాయన ఆమె చేతే తన ఫిర్యాదు రాయించుకున్నాడు, మన మీదే."

"కథకి ప్రాణం ఆ ఉత్తరాలేనండి" అన్నాడు ఎందుకు సార్.

"ఉత్తరాలు నిజమా?"

ఈసారి చెప్పాను. ఆలస్యంగా, పిన్ని లేనిచోట, ఇంక పోయేది ఏమీ లేనప్పుడు. "లేవు మేడమ్. ఆ అక్క మా అమ్మ. అబద్ధం చెప్పింది అమ్మే."

ఎందుకు సార్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ఇది మొదటిరోజే చెప్పి ఉంటే ఎంత మంచి కథ అయ్యేది" అన్నాడు. ఆయన బాధ అది.

యజమానురాలు అప్పటికప్పుడే జవాబు టైపు చేయించింది. ఉత్తరాల సంఘటన, ఏడ్చే దృశ్యం తొలగిస్తున్నాం అని. పిన్ని దాన్ని నిలబడే చదివి, "తొలగిస్తున్నాం అంటే? తొలగించాం అని రాయండి" అంది. మళ్లీ టైపు చేశారు. తీసుకుని వెళ్లింది. ఆ మర్నాటి నుంచి గుమ్మం దగ్గర కనపడలేదు.

గోడ సగం ఖాళీ అయింది. గడువుకి ఏడు వారాలుంది.

"సరే. దెబ్బ లేదు, దుఃఖం లేదు. మరి ఈవిడకి ఏం కావాలి?" అన్నాడు ఎందుకు సార్. "అదైనా తెలుసా నీకు?"

ఎనిమిదేళ్లు ఒక కప్పు కింద ఉన్నాను. తెలియదు. ఎప్పుడూ ఆమె నన్నేమంటుందో చూసుకున్నాను తప్ప ఆమె దేని కోసం చూస్తోందో చూడలేదు. మూడు రోజులు సాయంత్రాలు నీటి ఆఫీసు హాల్లో, వరసకి దూరంగా స్తంభం వెనక బెంచీ మీద కూర్చున్నాను. నాలుగున్నర దాటితే ఆమె చేతులు మారతాయి. రిజిస్టర్లో గీత కొడుతుంది. ఒక ముద్ర లోపల పెడుతుంది. వరసలో మిగిలినవాళ్లని లెక్కపెడుతుంది. అయిదు లోపల వచ్చినవాడు ఎంత వాగుడుకాయ అయినా పని చేసి పంపుతుంది. మూడోరోజు, అయిదు దాటి ఒక నిమిషానికి ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. ఆమె షట్టరు దించింది. ఆయన బయట నిలబడి ఆమె వంశం మొత్తాన్ని తిట్టాడు. లోపల ఆమె కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. పక్క తలుపు సందులోంచి చూశాను. ఆ మొహంలో బాధ లేదు, విజయం లేదు. ఈ రోజుకి ఇక నా జోలికి ఎవరూ రారు అనే మొహం అది.

దాన్నే గీశాను. రోజూ ఒక నిమిషం ఆలస్యంగా వచ్చే ఒక మనిషి, రోజూ అయిదింటికి పడే షట్టరు. అతను దారి మారుస్తాడు, చెప్పులు మారుస్తాడు, గోడలు దూకుతాడు. చివరిరోజు తెల్లారకముందే వచ్చి అందరికంటే ముందు నిలబడతాడు. ఆమె కాగితం తీసుకుని, వీధి పేరు రాయలేదేం అని తిట్టి, రాయించి, ముద్ర కొట్టి, "తర్వాత" అంటుంది. సాయంత్రం షట్టరు పడుతుంది, కళ్లు మూసుకుంటుంది. అయిపోయింది.

"చివర్లో ఒక చిన్న నవ్వు పెడదాం. అర క్షణం చాలు" అన్నాడు ఎందుకు సార్. వద్దన్నాను. వారం రోజులు దీని మీదే కొట్టుకున్నాం. ఆయన నన్ను మొండిదానివి అన్నాడు, నేను ఆయన్ని ఏడుపుల వ్యాపారి అన్నాను, తలుపులు ధడేల్మన్నాయి. ఆఖరికి రంగుల మాస్టారు బల్ల దగ్గర్నుంచి తల ఎత్తకుండా, "ఆవిడ నవ్వితే రంగు నేను వెయ్యను, ఎవర్నైనా చూసుకోండి" అన్నాడు. గడువుకి పది రోజులుంది. ఇంకో మనిషి దొరకడు. నవ్వు పోయింది.

సినిమా పూర్తయింది. రెండు పోటీల్లో తీసుకోలేదు, మూడోదాంట్లో చూపించారు. జనం బాగా నవ్వారు, షట్టరు పడ్డాక చప్పట్లకి కొంచెం టైము తీసుకున్నారు. ఎందుకు సార్ తర్వాతి సినిమాకి నన్ను పిలవలేదు. నేను ఇప్పుడు వేరే స్టూడియోలో పిల్లల ధారావాహికకి గీస్తున్నాను.

పిన్నికి సినిమా పంపాను. "చూడను" అని ఒక్క మాట మెసేజి వచ్చింది. ఆమె ఆఫీసులో అందరూ చూశారట, ఆమె చూడలేదు.

నేను చేసిన పని ఇంకొకటుంది. మామయ్యకి ఫోన్ చేశాను. అమ్మమ్మ విషయంలో మా అమ్మ చెప్పింది అబద్ధమని, నా కళ్లతో చూశానని, అమ్మకి అది అబద్ధమని తెలుసని చెప్పాను.

"పోయినామె మీద ఇప్పుడెందుకే ఈ మాటలు? ఎవరు నేర్పారు?" అన్నాడు.

"ఎవరూ నేర్పలేదు. నువ్వు నలుగురిలో అన్నావు కదా, నలుగురికీ నువ్వే చెప్పు మామయ్యా."

"కన్నతల్లి మీద ఇలా మాట్లాడే నోటితో నాకు ఇంక ఫోన్ చెయ్యకు" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. తర్వాత నెలలో ఇద్దరు బంధువులు నన్ను చూసి రోడ్డు దాటి అవతలికెళ్లారు. దాదాపు ఇరవై ఏళ్లుగా పిన్ని నడిచిన రోడ్డు ఇదే కాబోలు అనుకున్నాను.

ఆమెకి ఎవరు చెప్పారో తెలియదు, ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఆమె చెయ్యడం అదే మొదలు.

"వాడితో ఏదో వాగావట. ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు."

"వాడు నీతో మాట్లాడటం మానేశాడా?"

"మానేశాడు."

"పోన్లే. వాడి మాటలు వినే బాధ తప్పింది" అంది. నేను తిరిగి ఇంటికి రావచ్చా అని అడిగాను. రావద్దంది. ఒంటరిగా ఉండటం బావుంది, నీ గదిలో కుట్టు మిషను పెట్టుకున్నాను అంది. అమ్మని ఎప్పటికైనా క్షమిస్తావా అని అడగబోయి ఆగాను. అడక్కుండానే అర్థమైనట్టుంది.

"నీ మీద కోపం తగ్గిందనుకోకు. మీ అమ్మ మీద ఉన్నది వేరు, నీ మీద ఉన్నది వేరు. రెండూ ఉన్నాయి."

"సరే పిన్నీ."

వచ్చే ఏడాది ఆమె రిటైరవుతుంది. ఆ రోజు ఆఫీసువాళ్లు సభ పెడతామంటే వద్దని ఇప్పటి నుంచే రాసి ఇచ్చిందట. నెలకోసారి నేను వెళ్తాను. తలుపు తీస్తుంది, టీ పెట్టి బల్ల మీద ఉంచుతుంది, అరగంట కూర్చుంటాం. చెప్పుల దగ్గర్నుంచి ఉద్యోగం దాకా నాలో ఏదో ఒక తప్పు పడుతుంది. ఈ మధ్య నేనూ ఊరుకోవడం లేదు, మాటకి మాట అంటున్నాను. మొన్న కింది అంతస్తు ఆవిడ పైకొచ్చి, మీ ఇద్దరి గొంతూ మా ఇంట్లోకి వినపడుతోంది, కాస్త తగ్గించండి అంది. పిన్ని ఆమెని గుమ్మంలోనే నిలబెట్టి, ఏ టైములో వినపడింది, ఎన్ని నిమిషాలు, అని అడగడం మొదలుపెట్టింది.